పాత పత్రికల్లో మన బొమ్మ

వారపత్రికలో సీరియల్ అయిపోగానే ఆ పేజీలన్నీ చింపి, కుట్టి, అట్ట వేసి దాచుకోవడం తెలుగు ఇళ్లలో ఒకప్పటి అలవాటు. నవల దక్కేది. మిగిలిన కార్టూన్లు, ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు కిరాణా కొట్టులో పొట్లాలయ్యేవి.

ఆదివాసీలమైన మనం వెతకవలసిన చరిత్ర ఎక్కువగా ఆ పోయిన పేజీల్లోనే ఉంది. తలకు ఈకలు పెట్టి, జోస్యం చెప్పించి నవ్వించిన 'కోయదొర' బొమ్మ అక్కడిదే. కోయలు సేద్యం చేసుకుంటూ, తమ పండుగలు తాము జరుపుకుంటూ బతికే జనమని ఆ బొమ్మ ఎవరికీ చెప్పలేదు.

అన్ని పత్రికలనూ ఒకే గాటన కట్టలేం. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలుపెట్టిన 'చందమామ' తర్వాతి కాలంలో సంతాలీలో కూడా వెలువడింది. ఒక ఆదివాసీ భాషకు ఆ గౌరవం దక్కింది. అదీ మన పిల్లలకు తెలియాలి.

1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలను కాపాడబట్టే పరిశోధకులు అక్కడికి వెళ్తున్నారు. మన ఆశ్రమ పాఠశాలల్లోనూ ఈ పని చేయవచ్చు. సంచికను చింపకుండా పూర్తిగా ఉంచాలి. తుప్పు పట్టిన పిన్నులు తీసేయాలి, సెలోటేప్ అంటించకూడదు. చెమ్మ తగలని పెట్టెలో పరిచి, ఎండిన వేపాకు వేయాలి. పేరు, తేదీ, మన ప్రస్తావన ఉన్న పేజీ ఒక పుస్తకంలో రాసుకోవాలి.

మనల్ని ఎగతాళి చేసిన పేజీని తగలబెడితే సాక్ష్యం పోతుంది. దాన్ని దాచుదాం. దాని పక్కనే మన పెద్దల మాట రాసి పెడదాం.