విరిగినచోటనే అతుకు

ఇనుమును అతుకుట మన కమ్మరికి కొత్త విద్య కాదు. రెండు ముక్కల కొసలను కొలిమిలో తెల్లగా కాల్చి, దాగలిమీద ఒకదానిపై ఒకటి చేర్చి సుత్తితో మోదినచో అవి ఏకమగును. కాని ఈ పద్ధతిలో ఒక చిక్కున్నది. విరిగిన వస్తువే కొలిమి దగ్గరకు రావలెను. గడచిన నూటనలభై ఏండ్ల వెల్డింగు చరిత్రను క్లుప్తముగా చెప్పవలెనన్న, నిప్పు కొలిమిని విడిచి విరిగిన వస్తువును వెదకికొనుచు బయలుదేరిన కథ అది.

ఈ కథ విలువ బాటలేని కొండలలో జీపు నడుపువారికి బాగుగా తెలియును. కమాను పట్టీలను చట్రమునకు పట్టియుంచు బ్రాకెట్టు ఒక బండరాతి దెబ్బకు ఊడిపోయినచో బండి అక్కడనే నిలిచిపోవును. మరమ్మతు చేయువాడు రాడు, బండి కదలదు. అందుచేత “వెంట ఏ వెల్డింగు యంత్రమును తీసికొని పోవలెను?” అను ప్రశ్న వారికి తప్పదు. దీనికి జవాబును చరిత్రలో వెదకుట మేలు.

విద్యుత్తు రెండు బొగ్గు కడ్డీల నడుమ దూకి మిరుమిట్లు గొలుపు జ్వాలగా వెలుగునని 19వ శతాబ్ది ఆరంభముననే శాస్త్రజ్ఞులు గమనించిరి. దానినే ఆర్క్ అందురు. రష్యా సామ్రాజ్యమునకు చెందిన నికొలాయ్ బెనార్డోస్, పోలిష్ జాతీయుడు స్తనిస్లావ్ ఒల్షెవ్‌స్కీతో కలిసి, బొగ్గు కడ్డీ ఆర్కుతో లోహములను అతుకు పద్ధతికి 1885 - 87 సంవత్సరముల మధ్య పలు దేశములలో పేటెంట్లు పొందెను. ఆయన వాడినది బాటరీలలో నిలువచేసిన విద్యుత్తు. 1888లో పెర్మ్ నగరమున నికొలాయ్ స్లావ్యనోవ్ మరియొక అడుగు వేసెను. బొగ్గుకు బదులు లోహపు కడ్డీనే వాడి, అది కరగి అతుకులో కలియునట్లు చేసెను. ఆయన కరెంటు జనరేటరునుండి వచ్చినది. బాటరీ, జనరేటరు అను ఈ రెండు మార్గములే నేటికిని మన ముందున్నవి.

కరగిన ఇనుమునకు గాలిలోని ఆమ్లజని, నత్రజని శత్రువులు. అవి సోకిన అతుకు పెళుసై విరుగును. ఓడల మరమ్మతులలో ఈ బాధ ఎరిగిన స్వీడిషు ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెర్గ్ 1907లో కడ్డీకి రసాయనముల పూత పూయు విధానమునకు పేటెంటు తీసికొనెను. పూత కాలి వాయువుల తెరగా నిలుచును. పైన చిట్టెముగా కప్పుకొనును. 1917లో అమెరికా యుద్ధమున దిగినప్పుడు, అచ్చటి రేవులలో నిలిచియున్న జర్మను ఓడల యంత్రములను వాటి నావికులే పగులగొట్టి యుండిరి. ఆ యంత్రములను ఓడలలో ఉన్నచోటనే విద్యుత్ వెల్డింగుతో బాగుచేసి, ఆ ఓడలనే సైనికులను చేరవేయుటకు వాడుకొనిరి.

ఇక జీపు సంగతి. 1941నుండి యుద్ధరంగమునకు పెద్దసంఖ్యలో వచ్చిన జీపు, యుద్ధానంతరము రైతుల చేతికి వచ్చినది. దాని ఇంజను శక్తిని బయటికి తీసి వెల్డింగు జనరేటరును త్రిప్పు ఏర్పాటును విల్లీస్ సంస్థ అమ్మినది. 1948లో వెలువడిన ల్యాండ్ రోవరుకును అట్టి ఏర్పాటు వచ్చినది. విరుగు బండియే తన వైద్యుని వెంట మోసికొని పోసాగినది! 1953లో కాలిఫోర్నియాలోని రూబికాన్ దారిలో తొలి జీపుల యాత్ర జరిగినది. ఆ రాళ్ళ బాటలో ఇటువంటి మరమ్మతు విలాసము కాదు, అవసరము.

నేడు ఎన్నుకొనదగినవి మూడు. మొదటిది బాటరీల పద్ధతి. 12 వోల్టుల బాటరీలు మూడింటిని వరుసగా కలిపినచో 36 వోల్టులు వచ్చును. పూత కడ్డీతో బ్రాకెట్టు అతుకుటకు చాలును. ఖర్చు తక్కువ. కాని బాటరీలు వేడెక్కును గనుక కొంచెము కొంచెముగా అతుకవలెను. రెండవది బండి ఇంజను ఆల్టర్నేటరునుండి కరెంటు తీయు సాధనము. ఇది ఇంజను నడుచునంతవరకే పనిచేయును. మూడవది ఇన్వర్టరు యంత్రము. ఇది కరెంటును సెకనుకు వేలకొలది పర్యాయములు మార్చుటవలన లోపలి ట్రాన్స్‌ఫార్మరు చిన్నదై, మొత్తము బరువు పది కిలోలకు లోబడియే ఉండును. కాని దానికి జనరేటరు తోడు కావలెను. 3.2 మిల్లీమీటర్ల కడ్డీకి ఇంచుమించు 90 నుండి 130 ఆంపియర్లు కావలెను గనుక చిన్న జనరేటరు చాలదు. బయట గాలి వీచుచోట వాయువు సిలిండరుతో పనిచేయు పద్ధతి కంటె పూత కడ్డీయే నమ్మదగినది. ఒంటరిగా పోవువానికి బాటరీలు, నాలుగు బండ్ల బృందమునకు ఇన్వర్టరు తగును.

ఏది ఎన్నుకొన్నను కొన్ని జాగ్రత్తలు తప్పవు. బాటరీలనుండి వెలువడు ఉదజని నిప్పురవ్వకు పేలును. కనుక వాటిని బండినుండి విప్పి దూరముగా ఉంచి కప్పవలెను. పెట్రోలు టాంకు దగ్గర వెల్డింగు కూడదు. నల్లద్దము లేక ఆర్కును చూచిన కన్నులు రాత్రికి ఇసుక పడినట్లు మండును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట స్టీరింగు గురించి. అడవిలో అతికిన బ్రాకెట్టు మరల ఊడినచో బండి ఆగును. అతికిన స్టీరింగు కడ్డీ ఊడినచో మనుష్యులు పోవుదురు. దానిని మార్చుటయే ఉత్తమము. వేరు దారి లేనప్పుడు, పక్కన దన్ను ముక్క చేర్చి అతికి, నడక వేగమున ఇంటికి రావలెను. ఆపై అసలు మరమ్మతు చేయించవలెను. త్రోవలో వేసిన అతుకు మనలను ఇల్లు చేర్చుటకే. ఆ హద్దు తెలిసినవాని చేతిలోనే ఏ యంత్రమైనను మంచి యంత్రము.