విలియం పామరు: ఉత్తర సర్కారుల పేష్కషు

విశాఖపట్టణము చేరియుండిన శ్రీకాకుళపు సర్కారునకు నిజాముతోడి సంబంధ మెన్నఁడు తెగినదని బడిపిల్లల నడిగినచో 1766 అందురు. ఆ యేఁటి నవంబరు సంధిచే నుత్తర సర్కారులు కుంఫిణీవారి పాలయిన మాట నిజమే. కాని యందులకై వారు నిజామునకు సాలుసాలునకుఁ బేష్కషు చెల్లింపవలసియుండెను. ఆ బాధ్యత 1823 వఱకు నిలిచినది. దానిని దెగఁగొట్టినది యొక వర్తకుని బాకీ.

ఆ వర్తకుఁడు విలియం పామరు. (పేరు పామరుఁడేకాని, లెక్కలలోఁ బండితుల నోడింపఁగలవాఁడు.) 1780లో జన్మించెను. తండ్రి యదే పేరుగల కుంఫిణీ సేనాని. తల్లి ఫైజు బక్షు బేగము. ఇంగ్లండునఁ జదివివచ్చి, 1799లో నిజాము సైన్యమునఁ జేరి, కొన్నియేండ్లు కత్తి పట్టి, పిమ్మట దానిని విడిచి తక్కెడ పట్టెను. గోదావరివెంటఁ గలపను సముద్రతీరమునకుఁ జేర్పవలెనని మొదట నాతని తలంపు. బంకటీదాసను గుజరాతీ షాహుకారుతోఁ గూడి హైదరాబాదునఁ బెట్టిన కొఠీ క్రమముగా నిజాము ప్రభుత్వమునకే యప్పులిచ్చు కొఠీ యయ్యెను.

ఇంగ్లీషు ప్రజలు స్వదేశప్రభువులకు ననుమతిలేక యప్పిచ్చుట నాఁటి శాసనముచే నిషిద్ధము. 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సు పామరు కొఠీకి ఆ యనుమతి నొసఁగెను. హేస్టింగ్సు ఇంటఁ బెరిగిన కన్యను వివాహమాడిన సర్ విలియం రంబోల్డు ఆ కొఠీలో భాగస్వామి యగుట యూరక పోలేదు.

నిజాము సైనికుల జీతములకు సొమ్ము పామరు కొఠీనుండి యప్పుగా వచ్చుచుండెను. ఒకప్పటి జీతగాఁడు జీతములకుఁ బెట్టుబడిదారుఁ డయ్యెను. వడ్డీ నూటికి ఇరువదికి మించినది. 1820లోఁ బేష్కారు చందూలాలు చేసిన యఱువదిలక్షల ఋణముతో వ్యవహారము ముదిరినది. ఆ యేఁడే రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫు లోగుట్టు బయటఁ బెట్టెను.

వ్యాకరణమున నప్పిచ్చువాఁ డుత్తమర్ణుఁడు, పుచ్చుకొనువాఁ డధమర్ణుఁడు. సర్కారుల పేష్కషు విషయమునఁ గుంఫిణీవారు నిజామునకు నధమర్ణులు; నిజాము పామరునకు నధమర్ణుఁడు. ఈ రెంటిని ముడివేసిరి. సాలుకు ఏడులక్షల పేష్కషునకు నూటి కాఱువంతున మూలధనము గట్టఁగా వచ్చిన 1,16,66,666 రూపాయలను 1823లో నిచ్చి కుంఫిణీవారు శాశ్వతముగా విడుదల పొందిరి. నిజాము ఆ సొమ్ముతోఁ బామరు బాకీ తీర్చెను.

వడ్డీకాఁడని పామరు నొక్కనినే దూషించుట న్యాయము కాదు. ఆ సైన్యమును నిజామునెత్తిన మోపినవారు ఇంగ్లీషువారే. దాని జీతములకే యప్పు పెరిగినది. తుదకు లాభమును వారిదే.

కొఠీ 1824లో దివాలా తీసినది. పామరు హైదరాబాదును విడువలేదు. పేష్కషు రద్దయిన నలువదినాలుగేండ్లకు, 1867లో, అచ్చటనే మరణించెను.