త్రీ వన్ ఫైవ్: మన సీమలో వేట తూటాను ఎంచింది ఎవరు?

మాది బత్తలపల్లి అని మీకు తెలుసు కదా. మొన్న ఊరికి పోయినప్పుడు మా చిన్నాయనతో శెనక్కాయ చేన్లో రాత్రి కాపలాకి కూర్చున్నా. అడవి పందులు ఒక్క రాత్రి దిగితే చాలు, మూడు నెలల కష్టం తెల్లారేసరికి తవ్విపోసి ఉంటాది. మా దగ్గర ఉన్నవి ఒక టార్చి, ఒక ఖాళీ డబ్బా, ఒక కట్టె. చిన్నాయన అన్నాడు: "మీ జేజినాయన కాలంలో ఊళ్ళో ఒకాయనకి త్రీ వన్ ఫైవ్ ఉండేదిరా. దాని శబ్దానికే పందులు ఇటు తిరిగేవి కావు."

త్రీ వన్ ఫైవ్ అంటే మోడల్ నంబర్ అనుకున్నా. కాదు. అది తూటా కొలత, .315 అంగుళం, అంటే 8 మిల్లీమీటర్లు. మరి సైన్యం రైఫిల్ .303 కదా? రెండింటికీ తేడా 0.3 మిల్లీమీటర్. ఇంత చిన్న తేడా ఎవరికి కావాల్సొచ్చింది? ఈరోజు కథ అదే.

మొదట్నుంచీ వద్దాం. 1800లో నిజాం మన సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే పని చేశాడు. ఆయనకి ఎదురైన పెద్ద తలనొప్పి సుమారు 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ కట్టుబడి మనుషులు. అప్పటి వత్తి తుపాకిలో మందు, గుండు విడివిడిగా గొట్టం మూతి నుంచి దట్టించాలి. ఎంత మందు పోయాలి, ఒక పెద్ద గుండా, పది రవ్వలా, అన్నీ పేల్చేవాడి ఇష్టమే. అంటే తూటాను ఎంచుకునే స్వేచ్ఛ అప్పుడు నిజంగా మనిషి చేతిలో ఉండేది.

ఆ తర్వాత 1857. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాకి పూసిన కొవ్వు గొడవ మీరు స్కూల్లో చదివిందే. 1878లో వైస్రాయ్ లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. భారతీయుడికి తుపాకి కావాలంటే లైసెన్సు ఉండాలి, యూరోపియన్‌కి మాత్రం మినహాయింపు. మన పక్కనే ఉన్న కొడగు వాళ్ళకి ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు, అది ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టిని హెన్రీ రైఫిల్ కొలత .450. పెద్ద జంతువుల వేటకి దొరలు వాడే రైఫిళ్ళలో కూడా .450 బాగా ఫేమస్. తిరుగుబాటుదారుల చేతుల్లో పాత మార్టినిలు ఉన్నాయి, వేట సరుకు వాళ్ళకి చేరితే ఎట్లా అని సర్కారుకి భయం పట్టుకుంది. అందుకే 1900ల మొదటి దశాబ్దంలో ఇండియా, సూడాన్‌లకి .450 తూటాల దిగుమతి ఆపేశారు. ఇంగ్లండ్‌లోని తుపాకుల కంపెనీలు ఏం చేశాయి? .465, .470, .475 అని కొత్త కొలతలు దించాయి. ఫోన్ అదే, ఛార్జర్ పిన్ను మాత్రం మార్చేసినట్టు!

.315 వెనక కూడా ఇదే లాజిక్. సైన్యం .303 మామూలు మనిషికి ఇవ్వరు. అందుకని బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ కంపెనీ లీ రైఫిల్ మెకానిజం అట్లే ఉంచి, ఆస్ట్రియా మాన్లిషర్ తూటాకి సరిపోయే గొట్టం పెట్టి అమ్మింది. స్వాతంత్ర్యం వచ్చాక బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే .315 తయారు చేసింది. 1959 ఆయుధాల చట్టం కూడా నిషిద్ధ బోరు అనే గీత ఉంచింది. సర్కారు మారింది, గీత మారలేదు.

కొలత సర్కారు ఎంచితే వేటగాడికి మిగిలింది ఏంది? రెండు. ఒకటి, గుండు ముక్కు. మెత్తటి సీసం ముక్కున్నది ఒంట్లో విచ్చుకుంటుంది, పులికి అది. గట్టి లోహం తొడుగున్నది లోతుకి పోతుంది, ఏనుగుకి అది. ఆ మెత్తటి ముక్కు గుండునే కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధాగారంలో సైన్యానికి చేశారు. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో అట్లాంటివి వద్దంది. వేటకి మాత్రం ఆ అడ్డు లేదు.

రెండోది ట్రిగ్గర్. లీ ఎన్‌ఫీల్డ్‌లో లాగడం రెండు మెట్లు. మొదట కొంచెం వదులు, తర్వాత గట్టి ఒత్తిడి. భయంలో ఉన్న సిపాయి తొందరపడి పేల్చకుండా ఆ ఏర్పాటు. వేటగాడికి తేలిక ట్రిగ్గర్ ఇష్టం, ఎందుకంటే వేలు బలంగా లాగితే గురి పక్కకి పోతుంది. కానీ మరీ తేలిక చేస్తే? రెండు గొట్టాల రైఫిల్‌లో ఒకటి పేలిన కుదుపుకే రెండోది కూడా పేలిన సందర్భాలు ఉన్నాయి. చీకట్లో, మంచె మీద, చెమట చేతులతో ఉన్నోడికి అది ప్రాణం మీదకే. అందుకే ట్రిగ్గర్ పని తుపాకుల మేస్త్రీకే వదిలేవాళ్ళు.

మన దగ్గరి మనిషి ఒకాయన ఉన్నాడు, కెన్నెత్ ఆండర్సన్. 1910లో హైదరాబాద్ పక్కన బొల్లారంలో పుట్టాడు, బెంగళూరులో బతికాడు. చిత్తూరు వైపు చామల లోయలో మనుషుల్ని తినే పులి వెంట తిరిగిన కథ ఆయన 1954 పుస్తకంలో ఉంది. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్, గుండు బరువు 19 గ్రాములు. అదీ సైన్యం కొలత కాదు, గమనించండి.

1972 వన్యప్రాణి చట్టంతో వేట కథ ముగిసింది. ముగియాల్సిందే, అడవుల్లో మిగిలింది అంతే మరి. కానీ చేను కథ ముగియలేదు. పంటకి ప్రమాదం ఉంటే అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే వీలు ఆ చట్టం సెక్షన్ 11లో ఉంది. అది తెలియకో, తిరగలేకో కొందరు చేనికి కరెంటు తీగ కడతారు. ఆ తీగకి కొలత లేదు, లైసెన్సు లేదు, ట్రిగ్గర్ కూడా లేదు. పంది ఏదో, నీళ్ళు కట్టడానికి వచ్చిన మనిషి ఎవరో దానికి తెలీదు.

ఆ రాత్రి చిన్నాయన్ని అడిగా, "మనం ఎప్పుడన్నా తీగ కట్టామా?" ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత డబ్బా నా చేతికిచ్చి, "కొట్టురా, నిద్రపోతావు" అన్నాడు.

మీ ఇంట్లో పెద్దోళ్ళని ఒకసారి అడగండి. మళ్ళీ కలుద్దాం.