తోడి పెళ్లికూతురు అంటే ఫొటోలో పక్కన నిలబడే అమ్మాయేనా? హల్దీ నుంచి అప్పగింతల దాకా ఆమె పనులు ఇవే!

పెళ్లి సీజన్ వచ్చిందంటే తిరుపతి, చిత్తూరుల్లో కల్యాణ మండపాలు దొరకడమే కష్టం. ఈ మధ్య ఇక్కడి పెళ్లి వీడియోల్లో ఓ సీన్ కామన్ అయిపోయింది. ఒకే రంగు చీరల్లో నలుగురైదుగురు అమ్మాయిలు, మధ్యలో పెళ్లికూతురు, వెనక పాట. వాళ్లనే ‘బ్రైడ్స్‌మెయిడ్స్’ అంటున్నారు. ఇంట్లో పెద్దోళ్లేమో ‘ఇవన్నీ ఇంగ్లిష్ సినిమా వేషాలు’ అని కొట్టిపారేస్తున్నారు. నిజానికి ఈ పాత్ర మనకు కొత్తేం కాదు. పేరు తోడి పెళ్లికూతురు. ఆమె ఎవరు? పెళ్లికి ముందు వేడుకల్లో ఆమె ఏం చేయాలి? తిరుమల కొండ మీద పెళ్లైతే ఫ్రెండ్స్ తెలుసుకోవాల్సిన రూల్స్ ఏంటి? ఓసారి చూద్దాం.

తోడి పెళ్లికూతురు ఎవరు?

పెళ్లికూతురి చెల్లెలో, పిన్ని కూతురో, మేనమామ కూతురో, దగ్గరి స్నేహితురాలో ఈ పాత్రలో ఉంటుంది. మామూలుగా పెళ్లికాని అమ్మాయినే ఎంచుకుంటారు. పెళ్లికూతుర్ని చేసే రోజు ఆమెనూ పక్కన కూర్చోబెట్టి నలుగు పెడతారు, కొత్త బట్టలు ఇస్తారు. పెళ్లికూతురు ఎక్కడికి వెళ్తే తనూ అక్కడికే. కొన్ని ఇళ్లల్లో అప్పగింతలయ్యాక మొదటిసారి అత్తారింటికి కూడా తోడుగా పంపిస్తారు. కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య మనసులో మాట చెప్పుకోడానికి ఒక్కరైనా ఉండాలి కదా!

ఒక్క విషయం గమనించండి. పెళ్లింట్లో అందరికీ పనులుంటాయి. అమ్మ చుట్టాలను చూసుకుంటుంది. నాన్న వంటవాళ్లు, మండపం లెక్కల్లో ఉంటాడు. వదినలు, అత్తలు తాంబూలాలు, సారె సర్దుతుంటారు. పెళ్లికూతుర్ని మాత్రమే చూసుకునే మనిషి ఎవరు? ఆ పనికే ఓ అమ్మాయిని పక్కన పెట్టారు మన పెద్దలు. పేరులోనే ఉంది ‘తోడు’.

పద్మావతి అమ్మవారి చెలికత్తెలు ఏం చేశారు?

మన ప్రాంతంలో పెళ్లి అంటే శ్రీనివాస కల్యాణమే గుర్తొస్తుంది. పుత్తూరు దగ్గరి నారాయణవనం ఆకాశరాజు రాజధాని అని, పద్మావతీ శ్రీనివాసుల పెళ్లి అక్కడే జరిగిందని స్థలపురాణం. అక్కడి కల్యాణ వేంకటేశ్వర స్వామి ఆలయంలో పెద్ద తిరగలి ఒకటి ఉంది. ఆ పెళ్లికి నలుగు పిండి దాంట్లోనే విసిరారని భక్తుల నమ్మకం.

ఈ కథలో చెలికత్తెల పాత్ర చాలామంది పట్టించుకోరు. వేటకొచ్చిన శ్రీనివాసుడు ఉద్యానవనంలో పద్మావతిని చూసి మాట కలిపితే, ముక్కూ మొహం తెలియని మనిషి అని రాళ్లు రువ్వి తరిమింది ఆ చెలికత్తెలే. ఆ తర్వాత పద్మావతి ఆయన్నే తలుచుకుంటూ మంచం పట్టింది. పెళ్లి మాటలకు బయల్దేరిన వకుళమాతకు అగస్త్యేశ్వరుడి గుడి దగ్గర ఎదురై, జరిగిందంతా చెప్పిందీ వాళ్లే.

అంటే రెండు పనులు. అమ్మాయికి ఇబ్బంది అనిపిస్తే అడ్డం నిలబడటం. ఆమె మనసులో ఏముందో చెప్పాల్సిన వాళ్లకు చేర్చడం. ఇప్పటి బ్రైడ్స్‌మెయిడ్స్‌కి ఇంతకంటే మంచి జాబ్ చార్ట్ ఎవరూ రాసివ్వలేరు.

విదేశాల్లో ఎలా ఉంటుంది?

పాతకాలం రోమన్ పెళ్లిళ్లలో ‘ప్రోనుబా’ అనే ముత్తైదువ ఉండేది. వధూవరుల చేతులు కలిపేది ఆమే. 1840 ఫిబ్రవరి 10న బ్రిటన్ రాణి విక్టోరియా పెళ్లిలో 12 మంది అమ్మాయిలు తెల్ల గౌన్లలో ఆమె గౌను అంచు పట్టుకుని నడిచారు. బ్రైడ్స్‌మెయిడ్స్ అనగానే మనకు గుర్తొచ్చే ఒకే డ్రెస్ ఫొటోలు ఆ తరహావే. ఫొటో మనం తెచ్చుకున్నాం. మంచిదే. పని మాత్రం మర్చిపోకూడదు.

ముందు రాత్రి రిసెప్షన్, తెల్లారితే ముహూర్తం

తమిళనాడు పక్కనే ఉండటంతో చిత్తూరు వైపు చాలా పెళ్లిళ్లలో రిసెప్షన్ ముందు రోజు సాయంత్రమే అయిపోతుంది. మర్నాడు తెల్లవారుజామునో, పొద్దున్నో ముహూర్తం. అసలు కష్టం ఇక్కడే. రాత్రి 11 దాకా స్టేజీ మీద నిలబడిన అమ్మాయిని 3 గంటలకే మంగళస్నానానికి లేపుతారు. నిద్ర ఉండదు, తిండి ఉండదు. పైగా బరువైన పట్టుచీర, పూలజడ, హోమం పొగ. పీటల మీద కళ్లు తిరిగి పడిపోతే దిష్టి తగిలిందంటారు. చాలాసార్లు అది ఖాళీ కడుపు తగిలిన దెబ్బే!

అందుకే తోడి పెళ్లికూతురు చూసుకోవాల్సినవి ఇవి:

- తిండి: రిసెప్షన్‌లో లైన్ ఎంత ఉన్నా, మధ్యలో పది నిమిషాలు పెళ్లికూతుర్ని పక్కకు తీసుకెళ్లి తినిపించాలి. ముహూర్తం దాకా ఉపవాసం ఉండే ఇళ్లల్లో పాలు, పండు ఇవ్వొచ్చా అని అవ్వనో, పురోహితుణ్ణో ముందే అడిగిపెట్టుకోవాలి.
- నిద్ర: రాత్రి పన్నెండు తర్వాత రూమ్‌లోకి ఎవర్నీ రానివ్వొద్దు. ‘ఒక్క సెల్ఫీ’ అనే వాళ్లను కూడా.
- బ్యాగ్: పిన్నీసులు, హెయిర్ పిన్నులు, బొట్టు బిళ్లలు, సూదీదారం, శానిటరీ ప్యాడ్స్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రోజూ వాడే మందులు, ఫోన్ చార్జర్.
- నగలు: ఏ నగ ఎవరిది, ఎవరికి తిరిగివ్వాలి అని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. డబ్బా తాళం మాత్రం అమ్మ దగ్గరో పిన్ని దగ్గరో ఉంటే మంచిది.
- ఫోన్: పెళ్లికూతురి ఫోన్ ఆ రెండు రోజులూ తన దగ్గరే ఉంచుకోవాలి. మేకప్ వాళ్లు, ఫొటోగ్రాఫర్, పూలవాళ్ల కాల్స్ తనే మాట్లాడాలి.

నెలసరి డేట్ పెళ్లి రోజుకు దగ్గర్లో ఉందని చాలామంది అమ్మాయిలు టెన్షన్ పడతారు. మెడికల్ షాపులో అడిగి మాత్ర వేసేసుకుంటారు. అది కరెక్ట్ కాదు. నెల ముందే డాక్టర్‌ను కలవాలి. ఈ మాట అమ్మతో చెప్పలేకపోతే ఫ్రెండ్‌తో చెబుతుంది. ఆ ఫ్రెండే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

హల్దీ, మెహందీ, సంగీత్: ప్లాన్ ఎలా?

హల్దీ అంటే మన నలుగే. పసుపు దంచడం, ముత్తైదువలు నలుగు పెట్టడం, మంగళస్నానం... ఇవన్నీ ఎప్పట్నుంచో ఉన్నవే. మార్కెట్లో కొనే పసుపు రంగు పొడుల బదులు ఇంట్లో కొట్టిన పసుపు, సున్నిపిండి, నువ్వుల నూనె వాడితే ఖర్చూ తక్కువ, చర్మానికీ మంచిది. అవ్వలను పిలిచి నలుగు పాటలు పాడించండి. డీజే కంటే ఆ వీడియోకే విలువ ఎక్కువ. పదేళ్ల తర్వాత వెతికి మరీ చూసేది అదే.

వేసవి పెళ్లైతే టైమ్ జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటేస్తాయి. మిట్టమధ్యాహ్నం డాబా మీద హల్దీ పెట్టొద్దు. పొద్దున 8 లోపు, లేదంటే సాయంత్రం 5 తర్వాత బెటర్.

మెహందీ పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టుకోవాలి. గోరింటాకు రంగు ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది. అర్జెంటుగా నల్లగా పండాలని ‘బ్లాక్ మెహందీ’ జోలికి వెళ్లొద్దు. అందులో కలిపే పీపీడీ అనే రసాయనంతో కొందరికి బొబ్బలు లేస్తాయి. ఏ కోన్ అయినా వారం ముందే చేతి మీద చిన్న చుక్క పెట్టి చూసుకోవాలి.

సంగీత్‌కు డీజే పెడుతున్నారా? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ప్రోగ్రాం 9.30కే ముగిసేలా ప్లాన్ చేసుకుంటే పోలీసుల కంప్లైంట్ గొడవ ఉండదు. పెళ్లికూతురికి నిద్ర కూడా మిగులుతుంది.

కొండ మీద పెళ్లైతే ఈ రూల్స్ తెలియాల్సిందే

తిరుమలలో పాపవినాశనం రోడ్డులోని కల్యాణ వేదికలో టీటీడీ 2016 నుంచి ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు, కుంకుమ, కంకణాలు టీటీడీ ఇస్తుంది. మిగతా సామగ్రి మనమే తెచ్చుకోవాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి. వధూవరుల తల్లిదండ్రులు రావాలి. ప్రేమ పెళ్లిళ్లు, రెండో పెళ్లిళ్లు అక్కడ చేయరు. స్లాట్ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. రూల్స్ మారే అవకాశం ఉంటుంది కాబట్టి, డేట్ ఫిక్స్ చేసే ముందు టీటీడీ అధికారిక వెబ్‌సైట్ ఓసారి చూసుకోండి.

ఫ్రెండ్స్ ఎక్కువగా పొరబడేది దర్శనం దగ్గరే. పెళ్లయ్యాక వధూవరులు, ఇరువైపులా తల్లిదండ్రులు కలిపి ఆరుగురికే ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉచితం. ఆ ఆరుగురిలో తోడి పెళ్లికూతురు లేదు! కాబట్టి మీ 300 రూపాయల టికెట్లు మీరే ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. లేదంటే సర్వదర్శనం క్యూలో గంటల తరబడి ఆగాలి. దర్శనానికి చీర, లంగావోణీ, చున్నీతో చుడీదార్ లాంటి సంప్రదాయ దుస్తులే వేసుకోవాలి.

ఇంకోటి పూలు. తిరుమలలో పూలన్నీ స్వామికే. అందుకే కొండ మీద భక్తులు తలలో పూలు పెట్టుకోరు. ఫ్రెండ్స్ అందరికీ మ్యాచింగ్ మల్లెపూల జడలు ప్లాన్ చేసుకుంటే కొండెక్కే ముందే ఆ ప్లాన్ మార్చుకోండి. మద్యం, మాంసం, సిగరెట్లు అలిపిరి దాటకూడదు. డ్రోన్లు ఎగరేయకూడదు. గుడి ముందు రీల్స్ చేస్తే టీటీడీ విజిలెన్స్ ఊరుకోదు. హల్దీ డ్యాన్సులు, ఫొటోషూట్ అన్నీ కింద తిరుపతిలోనే ముగించుకుని పైకి వెళ్లడం మేలు.

ఊళ్లో పెళ్లి చేసుకునే వాళ్లకూ ఓ మంచి మాట. మొదటి శుభలేఖను తిరుపతి కేటీ రోడ్డులోని టీటీడీ పరిపాలనా భవనానికి, కార్యనిర్వహణాధికారి పేరుతో పంపితే శ్రీవారి తలంబ్రాలు, కుంకుమ, కంకణం పోస్టులో వస్తాయి. శుభలేఖలు ప్రింటింగ్ నుంచి రాగానే ఈ కవర్ పంపే పని తోడి పెళ్లికూతురు తీసుకోవచ్చు.

ఖర్చు ఎవరిది?

స్నేహాలు చెడేది ఇక్కడే. నలుగురికి ఒకే చీర అనగానే ‘కంచిపట్టు తీసుకుందాం’ అంటుంది ఒకరు. ఇంకొకరికి అప్పుడే ఉద్యోగం వచ్చి ఉంటుంది. పైకి చెప్పుకోలేదు. ‘రాలేను, లీవు లేదు’ అని తప్పించుకుంటుంది.

పాత పద్ధతిలో తోడి పెళ్లికూతురి బట్టలు పెళ్లివాళ్లే పెట్టేవాళ్లు. అది కుదరకపోతే ఒకే చీర కాకుండా ఒకే రంగు పెట్టుకోండి. ఎవరి బడ్జెట్‌లో వాళ్లు తీసుకుంటారు. వెంకటగిరి కాటన్ అయినా, శ్రీకాళహస్తి కలంకారీ అయినా ఫొటోలో బాగానే ఉంటాయి, మన నేతగాళ్లకూ నాలుగు డబ్బులు వస్తాయి. గ్రూప్‌లో ఎంత వేయాలో ముందు రోజే ఓపెన్‌గా మాట్లాడుకోవాలి. ఇవ్వలేని వాళ్లు పని చేస్తారు. అదీ చదివింపే.

అన్నిటికంటే ముఖ్యమైన పని

పెళ్లికి ముందు రోజుల్లో అమ్మాయి ఎవరితోనూ అనలేని మాటలు కొన్ని ఉంటాయి. అబ్బాయి తరఫు వాళ్లు చివర్లో ఇంకా కట్నం అడుగుతున్నారనో, ఫోన్లో అతను మాట్లాడే తీరు భయంగా ఉందనో, అసలు ఈ పెళ్లే ఇష్టం లేదనో. శుభలేఖలు పంచేశాక నాన్నతో ఆ మాట ఎలా చెబుతుంది? చెబితే గిబితే పక్కనే పడుకున్న చెల్లితో, ఫ్రెండ్‌తో చెబుతుంది. అప్పుడు ‘పెళ్లికి ముందు అందరికీ ఇలాగే ఉంటుందిలే’ అని తేల్చేయకండి. ముందు పూర్తిగా వినండి. ఆమె ఒప్పుకుంటే ఇంట్లో ఆమె మాట వినే పెద్దవాళ్లకు చెప్పండి. బెదిరింపులు, దెబ్బలు ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181, పోలీసులకు 112 ఉన్నాయి.

పెళ్లికూతురికి 18 నిండలేదా? అయితే అక్కడ తోడి పెళ్లికూతురిగా నిలబడటమే తప్పు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం చేసినవాళ్లకే కాదు, అలాంటి పెళ్లిని ప్రోత్సహించినా, తెలిసీ హాజరైనా శిక్ష ఉంటుంది. తోటి పిల్లకు పెళ్లి చేస్తున్నారని తెలిస్తే 1098కి ఒక్క కాల్ చేస్తే చాలు. ఇరవై నాలుగు గంటలూ పని చేసే ఉచిత నంబర్ అది.

కాబట్టి ఈ సీజన్లో మీ అక్కో, ఫ్రెండో ‘నువ్వే నా బ్రైడ్స్‌మెయిడ్’ అంటే చీర రంగు తర్వాత అడగండి. ముందు ‘నీకు ఎలా ఉంది? నీకు ఇష్టమేనా?’ అని అడగండి. ‘ఇష్టమే’ అని నవ్విందా... ఇక హల్దీ ఏ రోజో డిసైడ్ చేసేయండి!