వంట సోడాతో ఓవెన్ శుభ్రపరచడం

ఓవెన్ లోపలి గోడలకు పట్టిన మాడు జిడ్డును కాస్టిక్ సోడా వాడకుండా, వంట సోడా ముద్దతో నానబెట్టి తొలగించే గృహ పద్ధతి ఇది. నూనె, కొవ్వు పదేపదే వేడెక్కినప్పుడు వాటి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, నీటికి లొంగని గోధుమరంగు పూతగా గట్టిపడతాయి. బజారులో దొరికే ఘాటైన క్లీనర్లలోని కాస్టిక్ సోడా ఈ పూతను సబ్బుగా మార్చి విడదీస్తుంది. కానీ అది చర్మాన్ని, కళ్లనూ కాలుస్తుంది.

వంట సోడాను అమెరికాలో 1846 నుంచి జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ వ్యాపార స్థాయిలో తయారుచేశారు. దీని ద్రావణం పీహెచ్ సుమారు 8.3 మాత్రమే కాబట్టి కొవ్వును సబ్బుగా మార్చే శక్తి స్వల్పం. బదులుగా తడి, నానే సమయం, కరగని పలుకుల మెల్లని ఒరిపిడి కలిసి పనిచేస్తాయి.

కరెంటు తీసేసి, పూర్తిగా చల్లారిన ఓవెన్‌లో అరకప్పు సోడాకు 2-3 పెద్ద చెంచాల నీళ్లు కలిపిన ముద్దను హీటింగ్ రాడ్లకు తగలకుండా పూసి, రాత్రంతా ఉంచుతారు. జిడ్డున్న చోట ముద్ద గోధుమరంగుకు తిరుగుతుంది. తడిగుడ్డతో తుడిచాక మిగిలే తెల్లటి చారలపై వెనిగర్ చల్లుతారు. అప్పుడు పొంగే నురగ కార్బన్ డయాక్సైడే. చూడటానికి ఆర్భాటమే గానీ, జిడ్డు వదిలించడంలో దాని పాత్ర తక్కువ. సోడా, వెనిగర్ ముందే కలిపితే ఒకదాన్నొకటి తటస్థపరచుకుని, చివరికి సోడియం ఎసిటేట్ కరిగిన నీరే మిగులుతుంది.

క్షారం తగిలితే అల్యూమినియం ట్రేలు నల్లబడవచ్చు. జిడ్డును తనంతట తానే కాల్చే ఉత్ప్రేరక పూత ఉన్న పలకలకు ఈ ముద్ద పూయరు.