జంపర్ల కాలం: పాత కంప్యూటర్లో ఎవరి దారి వారికి

జకార్డు మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అట్టలో ఒక్క చిల్లు తప్పు పడితే చీర అంచు మీద పువ్వు చెడుతుంది. తొలినాటి పర్సనల్ కంప్యూటర్ కూడా ఇంచుమించు అంత పట్టింపు ఉన్న యంత్రమే.

చిల్లుల అట్టలతో లెక్కలు చేసే యంత్రాలు అద్దెకిచ్చి పెరిగిన ఐబీఎం కంపెనీ 1981 ఆగస్టులో తన పీసీని తెచ్చింది. అదనపు కార్డులు గుచ్చడానికి అందులో 5 స్లాట్లు ఉండేవి. అయితే కార్డు గుచ్చితే సరిపోదు. ప్రాసెసర్‌ను పిలవడానికి దానికొక లైను కావాలి, దాన్నే ఐఆర్‌క్యూ అంటారు. మాట్లాడుకోవడానికి పోర్టు చిరునామా కావాలి. కొన్ని కార్డులకు మెమరీతో నేరుగా ఇచ్చిపుచ్చుకోవడానికి డీఎంఏ చానెల్ కూడా కావాలి. మొదటి పీసీలో పిలుపు లైన్లు 8 మాత్రమే. 1984లో పీసీ ఏటీతో 15 అయ్యాయి. గడియారం, కీబోర్డు, డిస్కులు తీసుకోగా మిగిలేవి కొన్నే.

ఏ కార్డుకు ఏ లైనో మనిషే చెప్పాలి. కార్డు మీది సన్నటి పిన్నులకు జంపర్ అనే చిన్న తొడుగు పెట్టి చెప్పేవాళ్లు. మౌస్ మొదటి సీరియల్ పోర్టులో, మోడెం మూడో పోర్టులో ఉన్నాయనుకోండి. మామూలుగా రెండింటికీ ఐఆర్‌క్యూ 4 వచ్చేది. మోడెం డయల్ చేయగానే మౌస్ బిగుసుకుపోయేది! అప్పుడు పెట్టె విప్పి, జంపర్ మార్చి, అదే అంకెను సాఫ్ట్‌వేర్‌కూ చెప్పాలి. ఆ అంకెలు కాగితం మీద రాసి దాచుకున్నవాడే గెలిచేవాడు, మన పెద్దలు డిజైన్ గ్రాఫు కాగితం దాచుకున్నట్టు.

ఈ బాధ తప్పించాలని ఐబీఎం 1987లో మైక్రో చానెల్ తెచ్చింది. జంపర్లు లేవు, ఫ్లాపీలోని ప్రోగ్రామే లైన్లు పంచేది. కానీ అది వాడాలంటే మిగతా కంపెనీలు లైసెన్సు తీసుకుని సొమ్ము కట్టాలి. వాళ్లు ఒప్పుకోలేదు. కాంపాక్‌తో కలిపి 9 కంపెనీలు 1988లో ఈఐఎస్ఏ అనే సొంత పద్ధతి ప్రకటించాయి.

1992లో ఇంటెల్ పీసీఐ వచ్చింది. అందులో ఒకే లైనును రెండు మూడు కార్డులు పంచుకోవచ్చు. 1993లో పాత స్లాట్లకూ ప్లగ్ అండ్ ప్లే నియమాలు రాశారు. 1995 ఆగస్టులో విండోస్ 95 వాటిని ఇంటింటికీ చేర్చింది. మొదట్లో అది సరిగ్గా పనిచేయక, కార్డు గుచ్చి దండం పెట్టుకోవడమే అని జనం నవ్వుకున్నారు కూడా.

మంచి ఆలోచన 1987లోనే ఉంది. ఒక్క ఇంటి సొత్తుగా ఉన్నంతకాలం అది నిలవలేదు. కార్డు చేసేవాళ్లు, బోర్డు చేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఒక మాట మీదికి వచ్చాకే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టగలిగాం.