గరికపై పెద్దమడక

ఇంగ్లండు దేశమున ఇంటిముంగిట పచ్చిక పెంచువారికి ఏటేట ఎదురగు శత్రువు పాచి. మన బావిగట్లమీద, వానకాలపు గోడలమీద మెత్తగా, ఆకుపచ్చగా పట్టునట్టిదే యది. దానికి నిజమైన వేళ్ళు లేవు. ఒంటితోనే నీరు పీల్చుకొని బ్రతుకును. నీడ, తేమ, గట్టిపడిన పుల్లనేల దొరికినచోట అది గడ్డిని త్రోసిరాజని వ్యాపించును. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అను నతడు గడ్డి కోయు యంత్రమును కనిపెట్టిన పిమ్మట ఆ దేశమున సామాన్య గృహస్థులకును పచ్చిక పెంచుట సులభమాయెను. దానితో పాచి బెడదయు ఇంటింటి సమస్య యాయెను. దానిపై వారు అన్నభేది చల్లుదురు. పాచి నల్లబడి చచ్చును. దానిని పండ్లపారతో గీకి పారవేయుదురు. కాని నీడయు తేమయు పోనంతవరకు మరుసటి సంవత్సరము మరల తలయెత్తును.

అనంతపురము పీఠభూమిమీద ఈ కథ చెప్పినచో రైతు నవ్వును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు నేల అది. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల యావల తన నీటిని కుమ్మరించి అలసి వచ్చును. ఈశాన్య ఋతుపవనము కోస్తాను తడిపి మిగిలినది తెచ్చును. అచ్చట పాచి కోనేటి మెట్లమీద కొన్నివారాలు కనబడి ఎండిపోవును. అన్నభేదికి కూడ అచ్చట వేరొక పని కలదు. సున్నపుపాలు హెచ్చుగానున్న నేలలలో ఇనుము అందక పసుపుబారిన వేరుసెనగపై, లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేదియు ఒక గ్రాము నిమ్మఉప్పును కలిపి చల్లుదురు. చేను తిరిగి పచ్చబడును. ఒక దేశమున పచ్చదనమును చంపుటకు వాడు లవణమే మరియొక సీమలో పచ్చదనము తెచ్చుటకు ఉపయోగపడుట విచిత్రము కాదా!

మరి ఈ సీమలో నేలను ఆక్రమించిన శత్రువెవరు? ఇంగ్లీషువాడు చూచినచో ముచ్చటపడి పెంచుకొను పచ్చికయే. మన గరిక. దత్తమండలముల సేద్యమును గూర్చి వ్రాసిన దొరలు దానిని 'హరియాలీ' యనిరి. మన దేశమున బంగళాల ముందర తోటమాలులు నీరుపోసి పెంచిన పచ్చిక హెచ్చుగా ఈ గరికయే. కంచెకు లోపల అలంకారము. కంచె దాటి నల్లరేగడిలో అడుగిడినచో కలుపు.

వినాయకుని పూజకు గరిక లేనిదే జరుగదు. వేదమంత్రము దూర్వను స్తుతించుటలో దాని కణుపుల శక్తినే గుర్తించినది. ఆ శక్తియే రైతునకు ఆపద. గరిక నేలపై తీగవలె ప్రాకును, నేలలోపల దుంపకాడలతో చొచ్చుకొనిపోవును. ప్రతి కణుపును ఒక విత్తనమే. నాటుమడకతో పైపైన దున్నినచో ఒక్కటి పది ముక్కలగును, తడి తగిలినంతనే పదియు మొలుచును. దానికి ఓర్వరానిది ఒక్కటే, నీడ. ఇంగ్లండున నీడ పాచికి తోడు. ఇచ్చట నీడ రైతుకు తోడు. దట్టముగా పెరిగిన పైరు క్రింద గరిక చిక్కిపోవును. కాని వానలు తప్పి పైరు పలుచనైన యేట నీడ యెక్కడిది?

నల్లరేగడి సేద్యపు పద్ధతి తెలిసినగాని ఈ కలుపు బలము తెలియదు. తాడిపత్రి, గుంతకల్లు, ఉరవకొండ ప్రాంతములలోని ఆ నేలలను ఏటేట మడకతో దున్నుట వాడుక కాదు. గుంటక తోలి, పైమన్ను కదల్చి, గొర్రుతో విత్తుదురు. వేసవిలో నేల తనంత తానే నెరెలు విచ్చును గనుక లోతుదుక్కి అక్కరలేదు. తక్కిన కలుపు మొక్కలకు గుంటక చాలును. గరికకు చాలదు. అది గట్టునుండి మెల్లగా లోనికి వచ్చును. రెండుమూడేండ్లు చేను బీడుపడినచో ఇక గుంటకకు లొంగదు.

అట్టి బీళ్ళు ఈ సీమలో ఎన్ని యుండెనో ఊహించుటకు 1800వ సంవత్సరమును తలచుకొనవలెను. నైజాము ఈ మండలములను ఆ యేట కంపెనీవారికి దత్తము చేసెను. అంతకుముందు దశాబ్దముల యుద్ధములు, పాలెగాండ్ర కలహములు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురమున కాపురముండి 1807 వరకు పనిచేసెను. బీళ్ళను సాగుచేయువారికి మొదటియేండ్లలో శిస్తు తగ్గించి కౌలు లిచ్చు పద్ధతి యుండెను. 1807లో మన్రో శిస్తును నూటికి 25 వంతులు తగ్గింపవలెనని సిఫారసు చేసెను. నాడు అది సాగలేదు. చరిత్రకారులు దీనిని శిస్తుకథగా చెప్పుదురు. నిజమే. అయినను నా యుద్దేశమున అందు ఎద్దులకథ కూడ నున్నది. కౌలు పట్టా చేతనున్నంతమాత్రమున గరిక పట్టిన రేగడి సాగులోనికి రాదు.

అట్టి నేలకు కావలసినది పెద్దమడక. అది పెద్ద దుంగనుండి చెక్కిన బరువైన కొయ్యమడక. దానిని లాగుటకు నాలుగు మొదలు ఎనిమిది జతల ఎద్దులు కావలెను. దున్నుటకు వేసవియే తగిన కాలము. నేల ఎండి రాయివలె నున్నప్పుడు పెద్దమడక దానిని పెళ్ళలు పెళ్ళలుగా పెకలించును. పెళ్ళలతోపాటు గరిక దుంపకాడలు పైకి వచ్చి మండుటెండకు మాడును. తరువాత మనుషులు చేనంతయు తిరిగి, పెళ్ళలు పగులగొట్టి, కాడలు ఏరి, కుప్పవేసి కాల్తురు. పెద్దమడక లేనిచోట గుద్దలితో త్రవ్వుటయే గతి. ఒకసారి సరిగా జరిగెనా, చాల యేండ్ల వరకు గుంటకతోనే సేద్యము సాగిపోవును. డబ్ల్యు. ఫ్రాన్సిస్ సంకలనము చేసిన బళ్ళారి (1904), అనంతపురము (1905) గెజెటీర్లను తిరగవేయువారు నాటి సేద్యపు తీరును వానిలో చూడవచ్చును.

ఎనిమిది జతలనగా పదునారు ఎద్దులు. ఏ సామాన్య రైతుకొట్టములో నుండును? ఊరివారు ఒకరికొకరు ఎద్దులు బదులిచ్చుకొనవలెను. లేదా ధనవంతుని ఆశ్రయింపవలెను. 1876లో వచ్చిన ధాతకరువు ఈ ఏర్పాటునే విరిచెను. రెండేండ్లకు పైగా సాగిన ఆ కరువున జనముతోపాటు పశువులు మందలుమందలుగా చచ్చెను. మిగిలినవాని చేలు బీడుపడెను. వానలు తిరిగి వచ్చినపుడు పైరుకంటె ముందు లేచినది గరిక. దానిని తీయుటకు ఎద్దులు లేవు; భూమి పేరనుండుట వలన శిస్తు మాత్రము నిలిచియుండెను. రైత్వారీ విధానమున సాగుచేయలేని భూమిని సర్కారునకు వదలుకొనుటకు 'రాజీనామా' వ్రాయుదురు. నేడు ఉద్యోగములు వదలువారు వాడు మాట ఆనాడు పొలములు వదలువారిది. కరువు పోయిన తరువాతను కొందరికి కరువు పోకుండుటకు ఈ గడ్డి యొక కారణము.

పెద్దమడకను తొలగించినది ఇనుపమడక. లక్ష్మణరావు కిర్లోస్కరు 1903లో బెల్గాములో ఇనుపమడకలు చేయ మొదలిడెను. 1910లో ఆయన కర్మాగారము కిర్లోస్కరువాడికి మారెను. ఇనుము నేలను విషపరచునని రైతులు తొలుత జంకిరట! బళ్ళారి జిల్లా హగరిలో 1906లో వెలసిన ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రము రేగడిభూముల సేద్యమును పరిశోధించెను. ఇనుపమడక మట్టిని కోసి బోర్లవేయును. రెండుమూడు జతల ఎద్దులు చాలును. ఊరంతయు ఏకము కానక్కరలేదు. ఆ పిమ్మట ట్రాక్టరు వచ్చెను. పెద్దమడక అటకలెక్కెను, పొయ్యిలోనికిని పోయెను. ట్రాక్టరు బలమున్నదని తడినేలలో తోలించినచో, నాటుమడక చేసిన పొరపాటునే అది వేగముగా చేయును. కాడలు ముక్కలై చేనంతట నాటుకొనును. గ్లైఫోసేటు మందు వేళ్ళవరకు దిగి చంపును గాని, దాని వాడకముపై కేంద్రప్రభుత్వము 2022లో కట్టడి విధించినది.

ఇంత జరిగినను రైతు గరికను సీమనుండి తరిమివేయగోరడు. గట్టుమీద అది మట్టిని పట్టి నిలుపును. ఎద్దుకు, గొఱ్ఱెకు కసవు. చవితినాడు దేవునికి పత్రి. అందుచేత చేనిలో ఏరిన గరికను గట్టున పడవేయడు, మడిలో విడువడు. గంపకెత్తి రాతిబండమీదికి చేర్చి, గలగలలాడునట్లు ఎండిన తరువాతనే దిబ్బకు పంపును.